అడవిలో బస: ఎలుగుబంటి బారినుండి రక్షణ

ఇద్దరు స్నేహితులు అడవిదారిని పోవుచుండగా ఎలుగుబంటి ఎదురైన కథను మనలో చాలమంది బాల్యమున పాఠశాలలో చదివియే యుందురు. ఒకడు చెట్టెక్కెను. రెండవవాడు ఊపిరి బిగబట్టి చచ్చినవానివలె నేలపై పడియుండెను. ఎలుగుబంటి వాని చెవికడ మూతి పెట్టి వాసన చూచి వెడలిపోయెను. స్నేహధర్మమును గూర్చి ఆ కథ చెప్పునది సత్యమే. ఎలుగుబంటిని గూర్చి చెప్పునది మాత్రము నమ్మదగినది కాదు. మన ప్రాంతపు ఎలుగుబంటి చెట్టెక్కగలదు. అది మనుష్యుని తినుటకు వచ్చునది కాదు. కావున శవమని తలచి వదలిపోవుట అను మాటయే లేదు. అది మీద పడుట భయముచేత. ఈ ఒక్క సంగతి బాగుగ గ్రహించినచో, అడవిలో ఎట్లు నడువవలెను, ఎచట పండుకొనవలెను, ఎదురైనపుడు ఏమి చేయవలెను అనునవి చాలవరకు తమంతట తామే బోధపడును.

మన దేశమున అడవిలో రాత్రి గడపువారు వినోదయాత్రికులు మాత్రమే కారు. వేసవిలో తునికాకు కోతకు పోవువారు, ఇప్పపూవు ఏరువారు, తేనె తీయువారు, అడవి అంచున మందలు నిలుపుకొను గొఱ్ఱెల కాపరులు, నల్లమల దారిని శ్రీశైలమునకు కాలినడకను పోవు యాత్రికులు, రోడ్డు పనివారు, సర్వే ఉద్యోగులు, గుడారములు వేసికొని ప్రకృతిని పరిశీలింపవచ్చిన విద్యార్థులు, వీరందరును అడవిలో బస చేయువారే. ఈ వ్యాసము వారందరి కొఱకు వ్రాయబడినది.

భారతదేశమున నాలుగు జాతుల ఎలుగుబంట్లు కలవు. హిమాలయములలో నల్ల ఎలుగు, అంతకంటె ఎత్తైన మంచుకొండలలో గోధుమవర్ణపు ఎలుగు, ఈశాన్య రాష్ట్రములలో చిన్నదగు సూర్య ఎలుగు నివసించును. తెలుగుదేశపు అడవులలో కనబడునది నాలుగవది. మన గ్రామీణులు ఎలుగుబంటి, ఎలుగుగొడ్డు అని పిలుచునది దీనినే. భారతదేశము, నేపాలు, శ్రీలంక దీని ముఖ్య నివాసములు. 1791లో జార్జి షా అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు దీని పొడవైన గోళ్లను చూచి, దక్షిణ అమెరికాలో చెట్లకు వ్రేలాడు మందగమన జంతువు యొక్క జాతిలో దీనిని చేర్చెను. ఆ పొరపాటు తరువాత సరిదిద్దబడినను, ఇంగ్లీషు పేరులో సోమరితనము నేటికిని అంటియే యున్నది. ఆ పేరు విని ఇది నెమ్మదియైన జంతువని ఎవరును భ్రమపడరాదు. మనుష్యుడు ఎంత వేగముగ పరుగెత్తినను దీనిని మించిపోజాలడు.

పెరిగిన మగ ఎలుగు సాధారణముగ 80 మొదలు 145 కిలోగ్రాముల వఱకు తూగును. ఆడది అంతకంటె చిన్నది. ఒడలంతయు దట్టమైన నల్లని జూలు, రొమ్ముపై తెల్లని గుర్తు, పొడవైన మూతి, చేతివ్రేలి పొడవున వంగిన గోళ్లు దీని లక్షణములు. ఆ గోళ్లు మనుష్యుని చీల్చుటకు ఏర్పడినవి కావు, చెదపుట్టలను త్రవ్వుటకు ఏర్పడినవి. దీనికి పైదవడ ముందు పండ్లు రెండు లేవు. ఆ సందుగుండ పుట్టలోని చెదలను గాలితో సహా పీల్చి తినును. అప్పుడు కమ్మరి కొలిమితిత్తి ఊదినట్టి శబ్దము చాలదూరము వినబడును. చెదలు, చీమలు, తేనె, ఇప్పపూలు, రేగు, నేరేడు, తునికి, మేడి, సీతాఫలము, రేలకాయలు దీని ఆహారము. ఈ పట్టికను మనవారు శ్రద్ధగా చూడవలెను. అడవికి మనము వేనికొఱకు పోవుదుమో, అది కూడ చాలవరకు వానికొఱకే వచ్చుచున్నది.

ఇక దాడి చేయుటకు కారణమేమి? దీని ఘ్రాణశక్తి మిక్కిలి గొప్పది. చూపు మాత్రము అంత చుఱుకైనది కాదు. పుట్టలో మూతి దూర్చి తినుచున్నపుడు గాని, పొదలో పగటినిద్రలో నున్నపుడు గాని మనుష్యుడు దగ్గఱకు వచ్చువఱకు దీనికి తెలియదు. ఇది వేల సంవత్సరములుగా పెద్దపులి తిరుగాడు అడవులలో పెరిగిన జాతి. ఇతర ఎలుగుల పిల్లలు ఆపద వచ్చినపుడు చెట్టెక్కి తప్పించుకొనును. దీని పిల్లలు తల్లి వీపుపై ఎక్కి జూలు పట్టుకొని కూర్చుండును. తల్లి నిలబడి పోరాడును. హఠాత్తుగా పది అడుగుల దూరమున ప్రత్యక్షమైన మనుష్యుడు దాని దృష్టిలో పులివంటివాడే. పారిపోవుటకు వ్యవధి లేదని తోచినపుడు అది ముందుగా తానే పైబడును. వెనుకకాళ్లపై లేచి ముంజేతులతో కొట్టును, కఱచును. అందుచేతనే గాయములు హెచ్చుగా తలకు, ముఖమునకు తగులుచున్నవి.

నాటి అవిభక్త మధ్యప్రదేశమున 1989 మొదలు 1994 వఱకు ఐదు సంవత్సరములలో 735 దాడులు లెక్కకు వచ్చినవి. వానిలో 48 మంది మరణించిరి. ఈ అంకెలలో రెండు విషయములు కలవు. దాడులు అరుదైనవి కావు. అట్లే, దాడికి గురియైనవారిలో అత్యధికులు బ్రతుకుదురు. కావున గాయపడిన మొదటి గంటలో తోడివారు ఏమి చేయుదురనునది మిక్కిలి ముఖ్యము. ఆ సంగతిని ముందు విపులముగ చెప్పుదుము.

అన్నిటికంటె మొదటి రక్షణ మన రాకను ఎలుగుబంటికి ముందుగా తెలియజేయుట. వేటగాడు నిశ్శబ్దముగ నడచును. బాటసారికి నిశ్శబ్దము పనికిరాదు. ముగ్గురు నలుగురు కలిసి, బిగ్గరగా మాటలాడుకొనుచు నడువవలెను. చేతికఱ్ఱకు చిన్న గంట కట్టుకొనుట మంచిది. దారి మలుపులలో, వాగుల ఒడ్డున, పొదలు దట్టముగ నున్న చోట్ల, రాతిగుట్టల ప్రక్కన కఱ్ఱతో నేలను కొట్టి, కేకవేసి, క్షణకాలము ఆగి పిదప ముందుకు సాగవలెను. వాగునీటి రొద యున్నచోట మన అడుగుల చప్పుడు దానికి వినబడదు గనుక అచట మరింత బిగ్గరగా అరవవలెను. చెవులలో పాటల తీగలు పెట్టుకొని ఒంటరిగా నడుచుట నేటి యువకులకు అలవాటైనది. అడవిలో అది ప్రమాదకరము. కుక్కను వెంట తీసికొనిపోవుట కూడ మేలు కాదు. అది ఎలుగును రెచ్చగొట్టి, తరుముకొని వచ్చిన ఎలుగుతోసహా యజమానుని కాళ్లకడకే పరుగెత్తి వచ్చును.

వేళ ఎఱిగి నడచుట రెండవ రక్షణ. సాయంసంధ్య మొదలు తెల్లవారువఱకు ఎలుగుబంట్లు హెచ్చుగా సంచరించును. పిల్లలుగల తల్లి పగటివేళ కూడ తిరుగుచుండును. ఇప్పపూవు ఏరుటకు మనవారు కోడికూత వేళనే చెట్టుక్రిందికి చేరుదురు. రాత్రి రాలిన పూవును ముందుపోయినవారు ఎత్తుకొందురను ఆతురత వారిది. అది కూలి దొరకని నెలలలో కుటుంబమును పోషించు పూవు గనుక ఆ ఆతురతను తప్పుపట్టలేము. కాని అదేవేళ ఆ చెట్టుక్రింద ఎలుగుబంటియు నుండును. ఊరివారందరు కూడి, వెలుతురు వచ్చినపిదప కలిసిపోవుదమని ఏర్పాటు చేసికొన్నచో ఎవరి పూవును ఎవరికిని పోదు. తిరుమల కాలిబాటలో 2023 ఆగస్టున చిరుతపులి ఒక బాలికను చంపిన పిదప యాత్రికులను గుంపులుగా పంపుట, చేతికఱ్ఱలిచ్చుట, పిల్లలతో నడచువారికి వేళలు నియమించుట జరిగినది. ఆ కొండలలో ఎలుగుబంట్లు కూడ తిరుగుచున్నవి. గుంపుగా, పగటివేళ నడువవలెనను ఆ నియమము ఎలుగు విషయమునను అంతే సరియైనది.

బస చేయు తావును వెలుతురుండగనే ఎన్నుకొనవలెను. చెదపుట్టలు, రాతిగుహలు, పండిన మేడి, నేరేడు, రేగు చెట్లు దాపున నున్నచోట గుడారము వేయరాదు. వేసవిలో నీటిమడుగు ప్రక్కన దిగుట సౌకర్యముగ తోచును; అడవిలో మిగిలిన ఆ ఒక్క నీటికి జంతువులన్నియు రాత్రివేళ వచ్చును గనుక నీరు తెచ్చుకొని దూరముగ దిగవలెను. క్రొత్తగా త్రవ్విన పుట్టమన్ను, చెట్టు మానుపై నిలువుగా గోళ్ల గీతలు, గింజలతో కూడిన మలము కనబడినచో ఎలుగుబంటి ఆ దారిని తిరుగుచున్నదని తెలిసికొని వేరుచోటికి పోవలెను. అభయారణ్యములలో అటవీశాఖ అనుమతి లేక బస చేయరాదు. అనుమతి కొఱకు పోయినపుడు ఏ ప్రక్క ఎలుగుల సంచారము హెచ్చుగ నున్నదో అచటి అటవీ ఉద్యోగులనడిగి తెలిసికొనవచ్చును. ఆ సమాచారము విలువైనది.

వంట బసకు దూరముగ చేసికొని, మిగిలిన అన్నము, తొక్కలు, బెల్లము, పండ్లు, తేనె, ఏరిన ఇప్పపూవు తలక్రింద మూటగట్టుకొని పండుకొనక, మూతగల డబ్బాలలో నుంచి దూరముగ పెట్టవలెను. నెగడు వేయుటవలన వెలుతురు కలుగును, కొన్ని జంతువులు దూరముగ నుండును. కాని నెగడు ఉన్నది గదా అని నిశ్చింతగా నుండరాదు. అడవి అంటుకొనకుండ దానిని కనిపెట్టియు నుండవలెను. రాత్రి బహిర్భూమికి పోవలసి వచ్చినచో ఒంటరిగా చీకటిలోనికి పోరాదు. మఱియొకరిని తోడు తీసికొని, టార్చిలైటు వేసికొని, పొదల చాటునకు పోక తెఱపియైన చోటికే పోవలెను. అడవి అంచు గ్రామములలో ఇంటనే మరుగుదొడ్డి యుండుట అతిసారమునుండియే గాక ఎలుగునుండియు రక్షించును. మద్యము సేవించి దారిప్రక్కన పడి నిద్రించుట ఎంత ప్రమాదమో వేఱుగ చెప్పనక్కఱలేదు.

విదేశములలో, ముఖ్యముగ అమెరికాలో, ఎలుగుల విషయమై ప్రచురించిన చిన్నపుస్తకములు అనేకములు కలవు. ఆహారమును చెట్టుకొమ్మకు వ్రేలాడగట్టుడు, ఫలానా జాతియైనచో ఎదురుతిరిగి కొట్టుడు, ఫలానా జాతియైనచో చచ్చినట్లు పడియుండుడు అని వానిలో నుండును. అనువాదకునకు వానిని మక్కికి మక్కి తెనిగించుట సులభమే. కాని అవి ఆ దేశపు జాతులకు చెప్పిన మాటలు. అచటి నల్ల ఎలుగు చాలతఱచుగా ఆహారమును వెదకుచు గుడారమునకు వచ్చును; మన ఎలుగు దాదాపు ఎల్లప్పుడును ఉలికిపడి పైబడును. దానిని కొట్టబోవుట దాని భయమును ఇంకను పెంచుటయే. హిమాలయ యాత్రలు చేయువారు మాత్రము ఆహారము విషయమున మరింత జాగ్రత్త వహింపవలెను. అచటి నల్ల ఎలుగు శరత్కాలమున, శీతనిద్రకు ముందు, మొక్కజొన్న చేలలోనికిని పండ్లతోటలలోనికిని దిగివచ్చును.

ఇన్ని జాగ్రత్తలు తీసికొన్నను ఎలుగుబంటి కంటబడవచ్చును. అది దూరముగ నుండి మనలను చూడనిచో చప్పుడు చేయక వచ్చినదారినే వెనుకకు మరలవలెను. చూచినచో పరుగెత్తరాదు. పరుగెత్తువానిని తరుముట దాని స్వభావము. అందరును ఒకచోట చేరి నిలబడి, శాంతముగ మాటలాడుచు, దానివైపు వీపు త్రిప్పక మెల్లమెల్లగ వెనుకకు జరుగవలెను. అది వెనుకకాళ్లపై నిలబడుట ఒక్కొక్కప్పుడు వాసన పట్టుటకు, చూచుటకు మాత్రమే. దానికి పోవుదారి వదలవలెను. పిల్లలు కనబడినచో వానికిని తల్లికిని నడుమ ఎన్నడును నిలువరాదు. రాళ్లు రువ్వరాదు. చేత కఱ్ఱ యున్నచో కొట్టుటకు ఎత్తక, ముందుకు చాచి అడ్డముగ పట్టుకొనవలెను.

మీద పడుట తప్పదని తోచినపుడు బోర్లపడుకొనవలెను. రెండుచేతుల వ్రేళ్లను మెడవెనుక పెనవేసి, మోచేతులను ముఖమున కిరువైపుల దగ్గఱగ చేర్చి, ముఖమును నేలకు ఆనించవలెను. వీపున సంచి యున్నచో తీయరాదు. అది పొరలించినచో మరల బోర్లకే తిరుగవలెను. కండ్లు, ముక్కు, దవడ, మెడ కాపాడబడుటయే ఇచట ప్రధానము. వీపుమీది గాయము మానును; పోయిన కన్ను తిరిగిరాదు. చిన్ననాటి కథలోని రెండవవాడు తెలిసియో తెలియకయో చేసిన పనిలో నిజమైన మేలు ఇది: శవమువలె నటించుట కాదు, ముఖము దాచుకొనుట. దాడి సాధారణముగ కొలదిసేపటిలో ముగియును. అది పోయినపిదప కూడ కొంతసేపు కదలక యుండి, చప్పుడు విని, అప్పుడు లేవవలెను. తోడివారు పారిపోక, అందరును కలిసి ఒక్కపెట్టున కేకలు వేయుచు, డబ్బాలు, కఱ్ఱలు మ్రోగించినచో ఎలుగు చాలతఱచుగా విడిచిపోవును.

శ్రీకాకుళము జిల్లా ఉద్దానపు జీడిమామిడి, కొబ్బరితోటలలో వలె ఎలుగు ఊరిదాపునకు వచ్చినపుడు వేఱొక ప్రమాదము కలదు. జనము గుంపుగా చుట్టుముట్టి, సెల్‌ఫోనులతో ఫొటోలు తీయుచు, దానికి పారిపోవు సందు లేకుండ చేయుదురు. అట్టి వేళ అది ఎవరిపై పడునో చెప్పజాలము. పిల్లలను లోనికి పంపి, తలుపులు వేసికొని, అటవీశాఖకు కబురు చేయుటయే తగినది. దానిని చంపుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టప్రకారము నేరము. ఒకప్పుడు వీధులలో ఎలుగును ఆడించుచు, జ్వరము పోవునని పిల్లలను దానిపై నెక్కించి, వెండ్రుకలతో తాయెత్తు కట్టిన దృశ్యము పెద్దలకు జ్ఞాపకముండును. ఆ ఎలుగు పండ్లు ఊడగొట్టబడి, ముట్టె కుట్టబడి త్రాడునకు లొంగినది. దానిని చూచి అడవిలోనిదియు సాధువని తలపరాదు.

ఇక చికిత్స. 108 నంబరుకు ఫోను చేయుటకు ఒకరిని నియమించి, తక్కినవారు మొదట చూడవలసినది గాయపడినవాని శ్వాస. ముఖము చీలినపుడు నెత్తురు గొంతులోనికి జారి ఊపిరి ఆగవచ్చును. తెలివిగ నున్నవానిని కూర్చుండబెట్టి ముందుకు వంచవలెను. తెలివి తప్పినవానిని, మెడ మెలిపడకుండ తలను, ఒడలిని ఒక్కసారిగ త్రిప్పి, ప్రక్కకు పరుండబెట్టవలెను. వెల్లకిల పరుండబెట్టరాదు. పిమ్మట నెత్తురు కారుచోట శుభ్రమైన గుడ్డ మడిచిపెట్టి పది నిమిషములు గట్టిగ అదుమవలెను. మాటిమాటికి తీసి చూచినచో గడ్డకట్టిన నెత్తురు కదలి మరల కారును. గుడ్డ తడిసినచో దానిపైననే ఇంకొక గుడ్డ పెట్టవలెను.

తలచర్మము ఊడి వ్రేలాడుట ఎలుగు గాయములలో తఱచు. చూచుటకు అతిభయంకరముగ నుండును గాని దానిని కోసివేయరాదు. నీటితో కడిగి, యథాస్థానమున పఱచి, కట్టు కట్టి తీసికొనిపోయినచో వైద్యులు మరల అతికింపగలరు. పూర్తిగ తెగిపోయిన ముక్కును గాని చెవిని గాని తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టికు సంచిలో నుంచి, ఆ సంచిని మంచుగడ్డలలో పెట్టి వెంట తీసికొనిపోవలెను. ఆ భాగమునకు మంచు నేరుగ తగులరాదు. కంటికి గాయమైనచో అదుమక, పైన శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పవలెను. త్రాగుటకు, తినుటకు ఏమియు ఇవ్వరాదు. ఆసుపత్రిలో మత్తు ఇచ్చి శస్త్రచికిత్స చేయవలసి యుండవచ్చును.

పెద్ద రక్తస్రావము ఆగినపిదప గాయములను సబ్బుతో, ధారగా పోయు నీటితో 15 నిమిషములు కడుగవలెను. ఇది వట్టి శుభ్రత కొఱకు కాదు. కుక్కకాటువలెనే అడవిజంతువు కాటువలనను రేబీసు వ్యాధి సోకవచ్చును. ఆ వ్యాధి బయటపడిన పిమ్మట ప్రాణము దక్కుట దాదాపు అసాధ్యము. కడుగుటవలన గాయములోని విషక్రిములు చాలవరకు కొట్టుకొనిపోవును. పసుపు, సున్నము, కారము, కాఫీపొడి, ఆకుపసరు, బూడిద పెట్టరాదు. అవి గాయమును చెఱచి, వైద్యుని పనిని ఆలస్యము చేయును.

ఆసుపత్రిలో ధనుర్వాతపు సూదిమందుతోపాటు రేబీసు టీకాయు, గాయములోపల, చుట్టును ఎక్కించు ఇమ్యూనోగ్లోబ్యులిను అను మందును కావలెనని మీరే గుర్తుచేయవలెను. అడవిజంతువు చేసిన గాయమును అత్యంత ప్రమాదకరమైన తరగతిలో చేర్చి చూచుట వైద్యనియమము. ఆ మందు మొదటి దినమున లభింపనిచో మొదటి టీకా వేసినది మొదలు ఏడు దినములలోపల ఇప్పింపవచ్చును. టీకాను చర్మములో వేసినచో మొదటి దినము, పిమ్మట 3, 7, 28 దినములకు వేయింపవలెను. కండరమునకు వేసినచో 14వ దినమున అదనముగ ఒకటి కలదు. గాయము మానినదని నడుమ మానరాదు. 28వ దినమునాటి టీకాను మరచువారు చాలమంది. తునికాకు కోత ముగిసి స్వగ్రామము చేరిన కూలీకి ఆ చీటిని జాగ్రత్తగ ఇచ్చి పంపవలెను. మిగిలిన టీకాలను అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు ఆ చీటి చూపి వేయించుకొనవచ్చును.

గాయమైన వెంటనే అటవీశాఖకు తెలిపి, వైద్యుని ధ్రువపత్రము తీసికొని యుంచవలెను. కేంద్రప్రభుత్వము తన పథకము క్రింద వన్యప్రాణులవలన మరణించినవారి కుటుంబమునకిచ్చు సహాయమును 2023లో 10 లక్షల రూపాయలకు పెంచినది. తీవ్రముగ గాయపడినవారికి 2 లక్షలు. కాగితములు లేనిచో ఈ సొమ్ము చేతికి రాదు. ముఖము వికృతమైనదని సిగ్గుపడి ఇల్లు కదలనివారు కొందఱుందురు. వారికి ఈ సొమ్ముతోపాటు మఱియొక మాట చెప్పవలసియున్నది: దవడ, ముక్కు, కనురెప్పలను సరిదిద్దు శస్త్రచికిత్సలు గాయమైన కొన్ని నెలలకు, ఒక్కొక్కప్పుడు సంవత్సరములకు కూడ చేయవచ్చును, వైద్యకళాశాలల ఆసుపత్రులలో అట్టి విభాగములు కలవు.